నత్తను పట్టిచ్చేది దాని జిగురు చారే

వాన పడిన మర్నాడు పొద్దున్నే తోటలోకి వెళ్తే బొప్పాయి మొక్కల మీద, వంగ, బెండ నారు మీద వెండి తీగల్లా మెరిసే చారలు కనిపిస్తాయి. ఆకులు కొరికేసి ఉంటాయి. లేత మొలకలు మొదలంటా మాయమవుతాయి. పురుగేమోనని మందు కొట్టిన రైతుకు ఖర్చే మిగులుతుంది. ఇది పురుగు పని కాదు, రాత్రిపూట మేసి పోయిన నత్త పని. అది ఎక్కడ దాక్కుందో ఆ చారే చెబుతుంది.

తోటలను ఎక్కువగా పాడుచేసేది ఆఫ్రికా పెద్ద నత్త. 1847లో బెన్సన్ అనే అధికారి మారిషస్ నుంచి తెచ్చి కలకత్తాలో వదిలిన నత్తలతో ఇది మన దేశంలో అడుగుపెట్టింది.

జిగురు ఎందుకంటే...

నత్తకు అడుగున ఉన్న కండే పాదం. పాదం ముందు భాగంలోని గ్రంథి నుంచి జిగురు ఊరుతుంది. దాని మీద కండను అలలుగా కదిలిస్తూ నత్త ముందుకు జరుగుతుంది. గరుకు నేల మీద పాకినా దెబ్బ తగలదు, గోడ ఎక్కినా జారి పడదు.

ఆ జిగురు ఆరితే చార మిగులుతుంది. నత్తకు చూపు మందం. తల మీది రెండు జతల కొమ్ముల్లో కిందనున్న పొట్టి జతతో నేలను తడుముతూ చార వాసన, రుచి పసిగడుతుంది. తన చార పట్టుకుని పాత మరుగుకు తిరిగి చేరుతుంది. తోటి నత్తల చారనూ అందుకుంటుంది. జతను వెతుక్కునేదీ ఇలాగే. జిగురు తయారీకి ఒంట్లో బలం బాగా ఖర్చవుతుంది. వేరే నత్త వేసిన దారిలో పోతే ఆ ఖర్చు తగ్గుతుందని సముద్రతీర నత్తలపై జరిగిన పరిశోధనల్లో తేలింది. ఒకే రాయి కింద నత్తలు గుంపుగా దొరకడానికి ఈ చారలూ ఒక కారణమే.

రైతులు ఏం చేయాలి?

* ఎండ ఎక్కకముందే చార వెంట వెళ్లాలి. ఒక కొన మొక్క దగ్గరుంటే రెండో కొన రాళ్ల కిందో, చెత్త కుప్పలోనో, అరటి పిలకల మొదట్లోనో తేలుతుంది. ఆ మరుగు తీసేయాలి.
* చారలు ఎక్కువగా ఉన్నచోట సాయంత్రం తడి గోనె సంచులు పరిచి, కింద బొప్పాయి లేదా క్యాబేజీ ఆకులు వేయాలి. తెల్లవారి సంచి ఎత్తి, చేరిన నత్తలను ఏరి, బాగా చిక్కటి ఉప్పునీళ్ల బకెట్లో వేయాలి. ఉప్పు మాత్రం చేలో చల్లకూడదు, నేల చెడుతుంది.
* ఒక్కో నత్త విడతకు 100కు పైగా గుడ్లు పెడుతుంది. మరుగు దగ్గర మట్టిని పైపైన తవ్వి, లేత పసుపు గుడ్లు కనిపిస్తే నలిపేయాలి.
* నీళ్లు సాయంత్రం కాకుండా ఉదయం పెట్టాలి. రాత్రికి పైనేల ఆరితే నత్త తిరుగుడు తగ్గుతుంది.
* నారుమడి చుట్టూ పొడి సున్నం చల్లవచ్చు. తడిస్తే దాని పని అయిపోయినట్టే, మళ్లీ చల్లాలి.
* మెటాల్డిహైడ్ గుళికలు వాడాలనుకుంటే ముందుగా వ్యవసాయాధికారిని అడగాలి. అవి కుక్కలకు, పశువులకు, కోళ్లకు విషం.

చేతులు జాగ్రత్త

నత్తను, దాని జిగురును ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. చేతి తొడుగులు గానీ ప్లాస్టిక్ సంచి గానీ వేసుకోవాలి. పిల్లలతో ఏరించకూడదు. ఎలుకల నుంచి నత్తకు చేరే ఒక రకం సూక్ష్మమైన నులిపురుగు మనిషి ఒంట్లోకి పోతే మెదడు పొరలకు వాపు వస్తుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చారలున్న ఆకుకూరలు పచ్చిగా తినకూడదు.

ఒక్కరు ఏరితే చాలదు. పక్క చేను గట్టు కింద మిగిలిన నత్తలు రెండో వారానికే మీ మడిలోకి దారి వేస్తాయి. తొలకరి పడగానే గట్టు కలిసిన రైతులంతా ఒకే వారం ఏరుడు పెట్టుకోవాలి. ఎండాకాలమంతా గుల్ల మూసుకుని పడుకున్న నత్తలు అప్పుడే బయటికొస్తాయి. గుడ్లు పెట్టకముందే ఏరితే ఆ పంటకాలమంతా బెడద తగ్గుతుంది.