రోగి మనసుకు కూడా సేవ కావాలి



మీ వారిని వార్డులో చేర్చగానే మేము నాడి, జ్వరం, బి.పి. చూసి చార్టులో రాస్తాము. కానీ "నేనేం పాపం చేశానని నాకీ జబ్బు?", "నేను పోతే పిల్లల గతి ఏమిటి?" అనే ప్రశ్నలు ఏ చార్టులోనూ కనబడవు. రాత్రి నిద్రపట్టని రోగి చాలాసార్లు వీటితోనే బాధపడుతుంటాడు.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరువాత డాక్టరు. రోగి నొప్పిలో శరీర బాధతోపాటు మనోవేదన, కుటుంబ చింత, ఆత్మ సంబంధమైన బాధ కలిసి ఉంటాయని ఆమె బోధించారు. అలాగని మందులు తగ్గించలేదు. నొప్పి తిరిగి రాకముందే వేళ ప్రకారం మార్ఫిన్ ఇవ్వాలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఉపశమన చికిత్సలో ఆధ్యాత్మిక బాధను చేర్చింది.

అందుకే నర్సు "మీకు ధైర్యమిచ్చేది ఏమిటి? ఎవరినైనా పిలిపించాలా?" అని అడగాలి. రోగి ఏ మతస్థుడైనా, అతడు ఒప్పుకుంటేనే ప్రార్థన చేయాలి. వద్దంటే, చేయి పట్టుకుని కాసేపు కూర్చోవడం కూడా సేవే.

మీరు గమనించవలసినవి:

1. రోగి భయం చెప్పుకుంటుంటే "అలా అనకు" అని ఆపకండి. పూర్తిగా వినండి.

2. "ఇది నీ పాపఫలం", "నీకు విశ్వాసం చాలదు" అని ఎన్నడూ అనకండి. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాని గురించి శిష్యులు ఇలాగే అడిగితే, ప్రభువు ఆ మాట ఒప్పుకోలేదు.

3. ఉపవాసం ఉండాలనుకుంటే ముందుగా సిస్టరుకు చెప్పండి. ఇన్సులిన్ తీసుకుని తినకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మోతాదు మీరే మార్చకండి.

4. స్పృహ సరిగా లేని, మింగలేని రోగి నోట్లో తీర్థమైనా, ప్రార్థన చేసిన నూనె అయినా పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కావాలంటే నుదుటికి రాయండి.

5. ఆక్సిజన్ పెట్టినచోట కొవ్వొత్తి, దీపం, అగరుబత్తి వెలిగించకండి. మంటలు చెలరేగుతాయి.

6. "ప్రార్థనతో నయమైంది, ఇక మందులెందుకు?" అనుకోకండి. టి.బి. మందులు మధ్యలో ఆపితే ఆ మందులకు లొంగని టి.బి. రావచ్చు. ఫిట్స్ మందులు ఒక్కసారిగా మానితే ఫిట్స్ ఆగకుండా రావచ్చు.

ప్రార్థించండి, మందులూ వేళకు ఇవ్వండి. ఈ రెండింటికీ పోటీ లేదు. రాత్రంతా మంచం పక్కన మేలుకొని ఉండే మీకు కూడా ఓదార్పు కావాలి. మొహమాటపడకుండా డ్యూటీ సిస్టరుతో మాట్లాడండి.