ఒక్కరోజు పురుగు – ట్రౌట్ చేప

మనం గాలానికి వానపామును గుచ్చుతాం. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలో బీవర్‌కిల్ అనే ఏరు ఉంది. అక్కడ ట్రౌట్ చేపకు ఈకలు, దారం చుట్టిన గాలం వేస్తారు. అది ఉత్త బొమ్మ పురుగు. చేప ఎందుకు మోసపోతుంది?

అక్కడ చలికాలంలో పడిన మంచు మార్చి, ఏప్రిల్‌లో కరిగి ఏరు చల్లగా, నిండుగా పారుతుంది. అప్పుడు చేప అడుగునే ఉంటుంది. నీరు సుమారు 10 డిగ్రీల సెంటీగ్రేడుకు వెచ్చబడితే మేఫ్లై పురుగులు పైకి వస్తాయి. దాదాపు ఏడాది రాళ్ళ కింద పెరిగిన పిల్లపురుగు నీటిపైకి తేలి, చర్మం విడిచి, రెక్కలు ఆరేదాకా పడవలాగా కొట్టుకుపోతుంది. చేపకు అదే పండగ! తప్పించుకున్నది ఎగిరి చెట్టుమీద వాలి మళ్ళీ చర్మం విడుస్తుంది. రెక్కలొచ్చాక కూడా చర్మం విడిచే పురుగు ఇదొక్కటే. దానికి తినే నోరుండదు. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. నాకైతే జాలేసింది.

1916లో రాయ్ స్టీన్‌రాడ్ అనే ఆయన ఆ ఏటి పురుగును చూసి కట్టిన ‘హెండ్రిక్సన్’ బొమ్మను ఇప్పటికీ వాడుతున్నారు.

ఈ జాతి పురుగులు మన గెడ్డలోనూ ఉన్నాయి. పోయిన ఆదివారం రాళ్ళు తిప్పి చూశాను. తోకకు మూడు వెంట్రుకలు, పొట్ట పక్కల మొప్పలు. పై రేవులో ఎనిమిది దొరికాయి. మనం సబ్బుతో బట్టలుతికే చోట ఒక్కటీ లేదు. చాలా రకాలు మురికి నీటిలో బతకలేవు. వార్డెన్ సార్ గారూ, ఉతికే బండను గెడ్డకు దూరంగా వేయిస్తారా? నీళ్ళు మేమే మోసుకుంటాం.