ఇంగ్లీషు పాఠం: ‘తరువాత’ వేరు, ‘అందువల్ల’ వేరు



దరఖాస్తు గాని, అధికారికి విన్నపం గాని, సంఘ సమావేశపు మినిట్సు గాని వ్రాసేటప్పుడు ఏది ముందు జరిగిందో, ఏది తరువాత జరిగిందో స్పష్టంగా చెప్పాలి. మామూలు సంభాషణలో ‘బిఫోర్’, ‘దెన్’ చాలు. అధికార పత్రాలలో వాటి స్థానే గంభీరమైన క్రియావిశేషణాలు వాడతారు. ముఖ్యమైనవి చూద్దాం.

1. ప్రీవియస్‌లీ: ఇంతకు ముందు. ఫార్మర్లీ: ఒకప్పుడు. ‘హి వాజ్ ఫార్మర్లీ ఎ క్లర్క్’ అంటే ఇప్పుడు గుమాస్తా కాడని అర్థం.

2. హిథర్టూ: ఇంతవరకు.

3. హెన్స్‌ఫోర్త్: ఇక మీదట. దేర్‌ఆఫ్టర్: ఆ మీదట. మొదటిది సాధారణంగా మనం చెబుతున్న సమయం నుండి లెక్క, రెండవది పైన చెప్పిన సంఘటన నుండి లెక్క. 1975 నాటి సంగతి వ్రాస్తూ ‘ఆ తరువాత’ అనాలంటే దేర్‌ఆఫ్టర్ వాడడమే క్షేమం.

4. మీన్‌వైల్: ఈలోగా. సైమల్టేనియస్‌లీ: ఏకకాలంలో.

5. ఈవెంచువల్లీ: చివరకు. దీనికి ‘బహుశా’ అన్న అర్థం లేదు.

6. ప్రెజెంట్లీ: మన దేశంలో ‘ప్రస్తుతం’ అని వాడతాం. బ్రిటిష్ వాడుకలో ‘కాసేపట్లో’ అనే అర్థం కూడా ఉంది. అపార్థానికి తావు లేకుండా ‘ఎట్ ప్రెజెంట్’ అని వ్రాయండి.

ఇక అందరూ తడబడే జంట: సబ్‌సీక్వెంట్లీ, కాన్సిక్వెంట్లీ. రెండూ ‘వెంబడించు’ అనే లాటిను ధాతువు నుండి పుట్టినవే. మొదటిది కాలాన్ని మాత్రమే చెబుతుంది: తరువాత. రెండవది కారణాన్ని చెబుతుంది: అందువల్ల.

మనం తడబడడానికి మన భాషలోనే ఒక కారణముంది. ‘స్నానం చేసి బడికి వెళ్లాడు’ అంటాం, ‘వాన వచ్చి పంట పాడైంది’ అని కూడా అంటాం. మొదటి వాక్యంలో ఉన్నది వరుస మాత్రమే, రెండవదానిలో కారణం కూడా ఉంది. తెలుగులో ఒకే ‘ఇ’కారం రెండు పనులూ చేస్తుంది. ఇంగ్లీషులో ఈ రెండు మాటల్లో ఏది సరైనదో మనమే తేల్చుకోవాలి.

ఒక ఉదాహరణ చూడండి. అటెండరు ఆఫీసు గది తాళం తీశాడు. తరువాత బీరువాలో డబ్బు కనబడలేదు. ఫిర్యాదులో సబ్‌సీక్వెంట్లీ అని వ్రాస్తే జరిగిన వరుస చెప్పినట్లు. కాన్సిక్వెంట్లీ అని వ్రాస్తే అతని వల్లే డబ్బు పోయిందని తీర్పు చెప్పినట్లు! ఒక్క మాట పొరపాటుతో ఒక కుటుంబం పరువు, జీవనం పోవచ్చు. ‘దీని తరువాత జరిగింది, కాబట్టి దీనివల్లే జరిగింది’ అనుకోవడం దోషమని తర్కశాస్త్రం ఏనాడో హెచ్చరించింది. కోడి కూసిన తరువాత తెల్లవారుతుంది, అంతమాత్రాన కోడి కూతే తెల్లవారడానికి కారణం కాదు కదా!

అభ్యాసం: ఈ క్రింది వాక్యాలకు ఏ మాట తగును?
(అ) కరెంటు పోయి మోటారు ఆగింది.
(ఆ) భోజనం చేసి బజారుకు వెళ్లింది.
(ఇ) ఉత్తరం చూసి ఊరికి బయలుదేరాడు.

జవాబులు: (అ) కాన్సిక్వెంట్లీ. (ఆ) సబ్‌సీక్వెంట్లీ. (ఇ) ఏదైనా కావచ్చు. ఉత్తరం చూసినందువల్లే బయలుదేరాడా అని విచారించి, ఆ తరువాతే కలం పట్టండి.