ముందు సమాప్తం అని రాయి చెల్లీ

చెల్లీ, నీ ఉత్తరం చదివాను. “రోజూ మూడు సీరియల్స్ చూస్తాను అక్కా, కథలు రాయాలనీ ఉంది. సీరియల్స్ చూసేవాళ్ళకి రాత అబ్బదంటున్నారు, నిజమేనా?” అని అడిగావు. ఎవరన్నారోగానీ వాళ్ళు మా అత్తయ్యని చూడలేదు.

‘కార్తీక దీపం’ 2017లో మొదలై 2023 దాకా నడిచింది కదా, అన్నేళ్ళూ మా అత్తయ్య ఆ టైముకి చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. అందులో హీరోయిన్ వంటలక్క కష్టాలు ఒకవైపు, ఈనెలు తీయడం ఒకవైపు. నేను టీవీ కంటే ఆవిడ చేతినే ఎక్కువ చూసేదాన్ని. ఈనె తీస్తున్న చెయ్యి ఆగిందంటే ఆ సీన్లో ఏదో ఉన్నట్టు. ఆగకుండా టకటకా సాగిపోతోందంటే అక్కడ సాగదీస్తున్నట్టు. గురువారం గురువారం వచ్చే రేటింగుల కంటే నాకు ఆ చెయ్యే నమ్మకం.

ఇంకో సీరియల్లో మంగళవారం ఎత్తిన చెయ్యి గురువారానికి చెంప మీద పడింది. మధ్యలో ఇంట్లోవాళ్ళందరి మొహాలూ మూడేసిసార్లు చూపించారు, ఉరుములతో సహా. నేను విసుక్కుంటే అత్తయ్య తాపీగా అంది, “నిజం చెప్పడానికి ఆ పిల్లకి నోరు రాక కాదే. ఇవాళ చెప్పేస్తే రేపు సీరియల్ ఏముంటుంది?” కథనం మీద ఇంతకంటే సూటైన విమర్శ నేను ఏ సాహితీ సభలోనూ వినలేదు.

అసలు ఈ సాగదీసే రోగం టీవీతో వచ్చింది కాదులే. మన వారపత్రికలు అంటించిందే. మా అమ్మ యద్దనపూడి సులోచనారాణిగారి సీరియల్ పేజీలు వారం వారం చింపి దాచి, నవల అయిపోయాక దబ్బనంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేసేది. మా వీధిలో పది ఇళ్ళు తిరిగి వచ్చేసరికి ఆ అట్ట మీద సాంబారు మరకలుండేవి. ప్రతి భాగం చివరా బ్రాకెట్లో చిన్నగా ‘సశేషం’. ఆ ఒక్క మాట కోసం అమ్మ వారమంతా పేపరబ్బాయి మీద కన్నేసి ఉంచేది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో వచ్చింది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. వారానికోసారి తిన్న సశేషం రోజూ తినడం అలవాటైంది, అంతే తేడా. ‘ఋతురాగాలు’, ‘చక్రవాకం’, ‘మొగలిరేకులు’ చూడని ఇల్లుందా మన దగ్గర? ఆ మూడింటికీ దర్శకురాలు ఒకరే, మంజులా నాయుడు. హీరోలని తలుచుకున్నంతగా ఆవిడని ఎవరూ తలుచుకోరు. అది వేరే గోడు, ఇంకోసారి చెప్పుకుందాం.

నీకో రహస్యం చెప్పనా? నేనూ ఒక సీరియల్‌కి మూడు నెలలు మాటలు రాశాను. ఏ సీరియలో అడగకు. టైటిల్స్‌లో నా పేరు పడలేదు, చివరి నెల డబ్బులూ రాలేదు. కానీ నేర్చుకున్నది మాత్రం బోలెడు. అరగంట స్లాటులో కథకి దక్కేది ఇరవై రెండు నిమిషాల పైమాట, మిగతాదంతా ప్రకటనలు. పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న “ఈ రోజు బ్యాంగ్ ఎక్కడ?” అని. అంటే ఎపిసోడ్ ఏ మొహం మీద ఆగాలి అని. బాబాయి వేషం వేసే ఆయన సినిమా వచ్చిందని చెప్పకుండా వెళ్ళిపోతే, చంపడానికి మనసొప్పక కోమాలో పెట్టాం. కట్లు కట్టిన ఇంకో మనిషిని మంచం మీద పడుకోబెట్టి నెల రోజులు లాగించాం. నవ్వుకో, పర్లేదు.

మొదటి వారం నేను రాసిన డైలాగులన్నీ కొట్టేశారు. నేను రాసింది, “ఇంకా రాలేదా?” అని పక్కింటావిడ అడిగితే దుర్గ మాట్లాడకుండా గడప కడుగుతుంది. నాకేమో అద్భుతంగా అనిపించింది. దాన్ని ఇలా మార్చారు: “ఏంటి దుర్గా, నిన్న రాత్రి హైదరాబాద్ వెళ్ళిన మీ ఆయన రామారావు ఇంకా రాలేదా?” ఏడుపొచ్చింది. కో-డైరెక్టర్ మంచివాడు, పక్కకి పిలిచి చెప్పాడు, “అమ్మా, ఈ సీన్ వచ్చేటప్పుడు మన ప్రేక్షకురాలు వంటింట్లో ఉంటుంది. కుక్కర్ కూత మధ్యలో ఆవిడ వింటుంది, చూడదు.” ఆ మాట నిజం. టీవీ కథ చెవి కోసం రాసేది. అందుకే పేర్లు, వరసలు, ఊళ్ళు పదేపదే చెప్పాలి. అది చేతకానితనం కాదు, ఆ పని అలాంటిది.

చిక్కేమిటంటే, ఆ చెయ్యితోనే ఇంటికొచ్చి కథ రాయబోతే అందులోనూ రామారావు హైదరాబాద్ నుంచే వస్తున్నాడు! కథ చదివే మనిషి కుక్కర్ దగ్గర లేదు చెల్లీ. కాగితం మీదే కళ్ళు పెట్టుకుని నీ ఎదురుగా కూర్చుంది. ఆవిడకి గడప కడగడం చాలు.

నువ్వు పంపిన కథలోనూ ఇదే చూశాను. మొదటి నాలుగు పేజీలూ నా చెయ్యీ ఆగిపోయింది, ఏ పనీ చెయ్యలేకపోయాను. ఆ తర్వాత ఆడపడుచుకి గతం, ఆ గతానికింకో గతం. నీకు ముగించాలంటే భయం. ముగిస్తే ఎవరో వచ్చి “ఇంతేనా?” అంటారని.

ఇంతే అనిపించుకోవడం ఎంత బావుంటుందో ‘మాల్గుడి డేస్’లో చూడు. 1980లలో దూరదర్శన్‌లో వచ్చింది, శంకర్ నాగ్ తీశాడు, కర్ణాటకలోని అగుంబేలో. ఆర్.కె. నారాయణ్ కథలు, మొదట్లో తమ్ముడు లక్ష్మణ్ బొమ్మలు. స్వామి కథ కొన్ని వారాలు సాగినా, చాలా కథలు ఒక్క ఎపిసోడ్‌లోనే అయిపోయేవి. ఉరుముల్లేవు, మూడుసార్లు మొహాల్లేవు. పోస్ట్‌మ్యాన్ ఒక ఉత్తరం ఇవ్వకుండా దాచిపెట్టాడు, అదీ కథ. అత్తయ్య అది చూసిన రోజు కాయలు అలాగే ఉండిపోయి, రాత్రికి పప్పుచారుతో సరిపెట్టుకున్నాం.

ఆ నారాయణ్‌గారి సంగతి విను. స్వామి కథ రాసి లండన్ పంపితే ప్రచురణకర్తలు ఒకరి తర్వాత ఒకరు తిప్పి పంపారు. మైసూర్‌లో కూర్చుని ఆయనెంత విసిగిపోయాడంటే, ఆ రాతప్రతికి రాయి కట్టి థేమ్స్ నదిలో పడెయ్యమని ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న స్నేహితుడు పూర్ణకి రాశాడు. పూర్ణ ఆ మాట వినలేదు. పట్టుకెళ్ళి రచయిత గ్రాహం గ్రీన్ చేతిలో పెట్టాడు. 1935లో ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ అచ్చయింది. అందరికీ పూర్ణలాంటి స్నేహితుడు దొరకడు, నిజమే. కానీ ఆ స్నేహితుడి చేతిలో పెట్టడానికి ముందు పూర్తయిన పుస్తకమంటూ ఒకటుండాలి కదా.

నా కథ మూడు పత్రికల నుంచి తిరిగొచ్చింది. నేను స్టాంపులంటించి జతచేసిన కవర్లోనే, నా చేతిరాతతో నా చిరునామాకే. నాలుగో ఎడిటర్‌గారి నుంచి కార్డు ముక్క వచ్చింది: “చివరి పేరా తీసేస్తే వేసుకుంటాం.” రెండు రోజులు అన్నం సహించలేదు. ఆ పేరా రాయడానికే నాకు వారం పట్టింది మరి. చివరికి అత్తయ్యకి చదివి వినిపించాను. చెయ్యి ఆగింది. ఆ పేరాకొచ్చేసరికి మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. “అంతదాకా ఆ పిల్ల మాట్లాడిందే. ఇక్కడ నువ్వు మాట్లాడుతున్నావ్,” అంది. తీసేశాను. అచ్చయింది. మనియార్డరు తెచ్చిన పోస్ట్‌మ్యాన్‌కి పది రూపాయలిచ్చి ఆ వారం పత్రికలు నాలుగు కొన్నాను.

ఇప్పుడు అన్ని పత్రికల్లేవు, ఒప్పుకుంటాను. 1978లో మొదలైన విపుల, చతుర కూడా 2021లో ఆగిపోయాయి. నెలకో పూర్తి నవల వేసిన చతుర పోవడం నాకైతే పుట్టింటి తలుపు మూసుకున్నట్టే ఉంది. అయినా ఆదివారం అనుబంధాలున్నాయి, నెట్ పత్రికలున్నాయి, పోటీలున్నాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది. అచ్చయిన తెలుగు కథల్ని వెతికి వెతికి అక్కడ చేరుస్తున్నారు. మూడు నెలలు నేను రాసిన డైలాగుల్లో ఒక్కటీ ఇవాళ నా దగ్గర లేదు. అచ్చయిన నాలుగు పేజీలు మాత్రం బీరువాలో ఉన్నాయి.

కాబట్టి సీరియల్స్ మానకు. చూస్తూ అత్తయ్యలా చేతిని గమనించుకో. ఆడపడుచు గతాలు రెండూ కొట్టేసి, నాలుగో పేజీలో ఆవిడ సూట్‌కేస్ తలుపు దగ్గర పెడుతుంది చూడు, అక్కడ ఆపి కింద ‘సమాప్తం’ అని రాయి. యూనికోడ్‌లో టైపు చేయించు. పాత అను ఫాంట్లలో పంపితే అవతల పిచ్చి గీతలు కనిపిస్తాయి. కథ నీ సొంతమనీ, ఇంకెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచెయ్యి. ఒకేసారి ఇద్దరికి పంపకు, అది మర్యాద కాదు. మూడు నెలలు చూసి, జవాబు రాకపోతే ఉపసంహరించుకుంటున్నానని రాసి ఇంకొకరికి పంపు.

కాపీ మాత్రం ఒకటి నీ దగ్గర ఉంచుకో. నా మొదటి కథ అలా ఉంచుకోకే పోయింది.