ఇరవై పలకలు ఒకే తీరుగా

పనితనం చేతిలో ఉండి కూడా పని కోసం ఎదురుచూసే మనుషులు మన చుట్టూ చాలామందే ఉన్నారు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో వడ్రంగం తెలిసిన కుర్రాళ్లనే చూడండి. దర్వాజలు రెడీమేడ్‌గా దిగుతున్నాయి. కిటికీలు యూపీవీసీకి మారాయి. వంటింటి అరలన్నీ ప్లైవుడ్డే. ఆర్డరు ఉంటే నాలుగు రోజులు నిద్ర ఉండదు, లేకపోతే పది రోజులు చేతికి పని ఉండదు. తండ్రి నేర్పిన పని వదిలేసి హైదరాబాదులో కాంట్రాక్టరు దగ్గర స్క్రూలు బిగిస్తున్నవాళ్లూ ఉన్నారు.

ఇలాంటి బతుకులో పోయేది డబ్బొక్కటే కాదు. రేపు ఏం చేయాలో తానే నిర్ణయించుకునే అలవాటు కూడా పోతుంది. నా దృష్టిలో పెద్ద నష్టం ఇదే. ఆ అలవాటును తిరిగి సంపాదించుకోవడానికి ఒక చిన్న వస్తువు చాలు. హోటళ్లలో కబాబులు, పిజ్జాలు పెట్టి తెచ్చే చెక్క పలక, సర్వింగ్ బోర్డు ఉంది కదా, అదే. పిడితో కలిపి 14 అంగుళాల పొడవు, 8 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. తగిలించుకోవడానికి పిడి కొసన ఒక రంధ్రం. మేకు లేదు, అతుకు లేదు.

అయితే ఒకటి చేసి ఆగకండి. ఒకేసారి ఇరవై చేయండి.

ఒక్క పలక చేసి నలుగురికీ చూపిస్తే మెప్పు వస్తుంది, ఫోనులో ఫొటో మిగులుతుంది, అంతే. ఇరవై చేయాలని కూర్చుంటే మాత్రం చెక్క ఎంత కావాలి, ఎప్పుడు కొనాలి, ఏ రోజు ఏ పని, ఎవరికి అమ్మాలి అన్నీ ముందే ఆలోచించక తప్పదు. మొత్తం ఇరవైకీ ఒకేసారి గీతలు గీయాలి. మరుసటి రోజు ఇరవైకీ కోత. ఆ తర్వాత ఇరవైకీ రందా. మిషను ఒక్కసారి సర్దుకుంటే సరిపోతుంది. చెయ్యి కూడా ఒకే పనిలో కుదురుకుంటుంది. అట్టముక్క మీద ఆకారం గీసి కత్తిరించి పెట్టుకుంటే మొదటి పలకకూ చివరి పలకకూ తేడా రాదు.

ఇదేమీ మనకు కొత్త కాదు. కోదాడ నుంచి విజయవాడ వైపు హైవే మీద పోతే ఇబ్రహీంపట్నం పక్కనే కొండపల్లి. అక్కడ తెల్లపొనికి కర్రతో బొమ్మ చేసేవాళ్లు తల, మొండెం, చేతులు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. ఆపై సుద్ద పూసి రంగులు వేస్తారు. పనిని మెట్లుగా విడగొట్టి ఇంటిల్లిపాదీ పంచుకోవడం వల్లే ఆ బొమ్మ తరాలు దాటి నిలిచింది. మీరు మొదలుపెట్టే ముందు ఒక్క పూట అక్కడికి వెళ్లి రండి. బొమ్మలు కొనడానికి కాదు, పని ఎలా చేతులు మారుతుందో చూడటానికి.

ఇక చెక్క. లెక్క నోటితో వద్దు, కాగితం మీద వేయండి. కోతకూ రందాకూ పోయేది కలుపుకొని అంగుళం మందం అనుకుంటే 14 ఇంటూ 8, అంటే ఒక పలకకు 112 ఘనపుటంగుళాలు. ఇరవైకి 2,240. ఒక ఘనపుటడుగుకు 1,728 కాబట్టి దాదాపు 1.3 ఘనపుటడుగులు. కణుపులకూ పగుళ్లకూ తరుగు కలుపుకొని రెండు అనుకోండి. డిపోకు వెళ్లి “ఓ ఇరవై పలకలకు సరిపోయే చెక్క ఇవ్వన్నా” అని అడిగేవాడికీ, “రెండు సీఎఫ్టీ వేప, అంగుళం కోత” అని అడిగేవాడికీ దొరికే మర్యాద వేరు, దొరికే ధర వేరు.

మన దగ్గర వేప ఉంది, మామిడి ఉంది, టేకు ఉంది. నల్లతుమ్మ గట్టిది, పని పడుతుంది కానీ నునుపు బాగా తేలుతుంది. పాత మిద్దెలు కూల్చినప్పుడు వచ్చే టేకు దూలాలు దొరికితే అదృష్టమే, ఏళ్ల తరబడి ఆరిన కట్టె అది. లోపల మేకులున్నాయేమో మాత్రం అయస్కాంతంతో వెతకండి. రంగులు వేసిన పాత దర్వాజల చెక్క మాత్రం వద్దు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఫ్యాక్టరీల నుంచి చవగ్గా వచ్చే ప్యాకింగ్ చెక్కలూ వద్దు. విదేశీ సరుకుతో వచ్చే ప్యాలెట్ల మీద ‘ఎంబీ’ అని ముద్ర ఉంటే, పురుగు చావడానికి మిథైల్ బ్రోమైడ్ పట్టించారని అర్థం. నలుగురు తినే తిండి పెట్టే వస్తువు ఇది. చెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేకపోతే ఆ చెక్క మనకొద్దు. చెట్టు కొట్టించి తెచ్చుకునేవాళ్లకు, దానికి అనుమతి అడిగే వాల్టా చట్టం ఉందన్నది గుర్తుండాలి. బిల్లుతో కొన్న చెక్కకు ఆ తలనొప్పి లేదు.

కొన్నాక ఆరబెట్టడం. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే ఇక్కడ చేయాల్సింది ఆగడం. మిర్యాలగూడ మనుషులకు తేమ గురించి ఒకరు చెప్పాలా! వడ్లు 17 శాతం దాటి తేమతో ఉంటే కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. చెక్కకూ అలాంటి పరీక్షే ఉంది, ఇంకాస్త కఠినంగా. 10, 12 శాతానికి దిగాలి. చెక్కలో గుచ్చి చూసే తేమ మీటరు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మంచి రంపం కన్నా ముందు కొనాల్సింది అదే. పచ్చి పలకలను నీడలో, గాలి ఆడేచోట, మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చండి. రెండు కొసలకూ మైనమో పెయింటో పూయండి, తేమ కొసల నుంచే తొందరగా పోతుంది, పగులూ అక్కడే పుడుతుంది. అంగుళం మందానికి దాదాపు ఏడాది అని పాతకాలం లెక్క. అంత ఆగలేనివాళ్లు ఆరిన చెక్కే కొనాలి. మన మే నెల ఎండలో పెట్టి తొందరపెడితే పలక వంకర తిరుగుతుంది. మధ్య గుజ్జు ఉన్న పలకైతే ఎంత ఆరబెట్టినా ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది. దాన్ని మొదటే పక్కన పడేయండి.

ఇప్పుడు అసలు పరీక్ష. సాండ్ పేపరు 80తో మొదలుపెట్టి 120, 180, 220 దాకా పోవాలి. మొదటి నాలుగు పలకలకు ఉత్సాహం ఉంటుంది. పన్నెండో పలక దగ్గర చెయ్యి బద్ధకిస్తుంది. “దీనికి 180 చాల్లే” అనిపిస్తుంది. కొనేవాడికి ఎలాగూ తెలియదని మనసు నచ్చజెబుతుంది. అప్పుడు ఇంకో పేపరు చించకండి. ఒక తడిగుడ్డ తీసుకుని, నునుపు తేలిందనుకున్న పలక మీద ఒక్కసారి తుడవండి. కాసేపు ఆరనిచ్చి అరచేత్తో నిమరండి. అప్పటిదాకా గాజులా ఉన్న పలక గరుగ్గా తగులుతుంది. తడికి పీచు లేచి నిలబడుతుంది. కిటికీ పక్కన పెట్టి వెలుతురు ఏటవాలుగా పడేలా చూడండి, 80 నంబరు గీసిన చారలు ఇంకా అడ్డంగా కనిపిస్తాయి. కొన్నవాళ్ల ఇంట్లో మొదటిసారి కడిగినప్పుడు బయటపడేవి ఇవే. ఈ తడి పరీక్ష ప్రతి పలకకూ పెట్టి, లేచిన పీచును 220తో మళ్లీ తీసేస్తేనే పని అయినట్టు. పన్నెండో పలకకు కూడా ఇది చేయగలిగినవాడికి నేను నా ఇంటి తలుపు పని కళ్లు మూసుకుని అప్పగిస్తాను.

బద్ధకాన్ని తిట్టుకుంటూ కూర్చునే కన్నా దానికి ఏర్పాటు చేసుకోవడం మేలు. రోజుకు ఒక్క నంబరు పేపరే పట్టండి. పొద్దున్న అందరికన్నా మొండి పలకతో మొదలుపెట్టండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. చెక్క పొట్టు ఏళ్లకేళ్లు పీల్చిన పెద్దవాళ్ల దగ్గు విన్నవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు.

నూనె విషయంలో వంటింట్లో ఉన్న పల్లీ నూనె రాయకండి. అది ఆరదు, కొన్నాళ్లకు ముక్క వాసన వేస్తుంది. తినే పదార్థాలకు పనికొచ్చే మినరల్ ఆయిల్‌లో తేనెమైనం కరిగించి రాస్తే చాలు. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది, అదీ మంచిదే, కానీ రోజుల తరబడి ఆగాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికే బాయిల్డ్ లిన్సీడ్ వద్దు, త్వరగా ఆరడానికి దాంట్లో లోహాల మందులు కలుపుతారు. ఒక ప్రమాదం కూడా ఉంది. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు. చుట్టూ రంపపు పొట్టు ఉన్న షెడ్డులో అది ఎంతపని చేస్తుందో ఊహించుకోండి. గుడ్డలను విప్పి ఆరుబయట ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

పూర్తయిన ఇరవైనీ బల్ల మీద వరుసగా పెట్టి మీరే పరాయివాడిలా చూడండి. కణుపు ఉంటే తప్పు కాదు, అందమే. పగులు ఉంటే తీసేయాల్సిందే. చేతులారా చేసినదాన్ని చేతులారా పక్కనపెట్టడం కష్టం, కానీ పగుళ్లలో మైనం నింపి మంచివాటి మధ్య దూర్చిన ఒక్క పలక మిగతా పంతొమ్మిదింటి పరువూ తీస్తుంది. తీసేసినవాటిని కోసి గ్లాసుల కింద పెట్టే చిన్న ముక్కలు చేయండి, అవీ అమ్ముడుపోతాయి.

ధర అడిగినప్పుడు మనవాళ్ల గొంతు తగ్గిపోతుంది. “మీకు తోచింది ఇవ్వండి సార్” అంటారు. ఇది వినయం కాదు, లెక్క వేసుకోకపోవడం. చెక్క, నూనె, పేపరు, కరెంటు కలిపి 4,000 అయిందనుకోండి. విడివిడి గంటలన్నీ కలిపితే తేలే మీ నాలుగు రోజుల కూలి, రోజుకు 1,000 చొప్పున మరో 4,000. ఇంట్లో భార్యో చెల్లెలో రెండు రోజులు నూనె పట్టించి ప్యాకింగ్ చేస్తే 1,200. దీన్ని చాలామంది లెక్కలోనే వేయరు, ఆడవాళ్ల పనికి విలువ కట్టకపోవడం మన ఇళ్లలో పాత అన్యాయం. మొత్తం 9,200. రెండు పలకలు తరుగు పోతాయి కాబట్టి 18తో భాగించండి, ఒక్కోదానికి 511. ఇది ఖర్చు, ధర కాదు. 750కి అమ్ముదామనుకుంటే, షాపువాడు 30 శాతం తనకు కావాలంటే మీ చేతికి 525 వస్తుంది. మిగిలేది 14 రూపాయలు. ఈ లెక్క ముందే జేబులో ఉంటే షాపు ముందు నిలబడి తడబడరు. “ఆ రేటుకు రాదన్నా, పది తీసుకుంటే ఇంతకు ఇస్తాను” అని ఆయన కళ్లలోకి చూసి చెప్పగలుగుతారు.

అమ్మకానికి హైదరాబాదు దాకా పరుగెత్తక్కర్లేదు. సూర్యాపేట నుంచి కోదాడ దాకా 65వ నంబరు జాతీయ రహదారి పొడుగునా హోటళ్లున్నాయి. సంక్రాంతికి ఆ రోడ్డు మీద కార్లు ఎలా బారులు తీరుతాయో మీరు చూస్తూనే ఉన్నారు. ఒక హోటలుకు రెండు పలకలు వాడకానికి ఇచ్చి, నెల తర్వాత వెళ్లి వాటి పరిస్థితి చూడండి. ఎక్కడ అరిగింది, ఎక్కడ నల్లబడింది, డిష్ వాషర్లో వేశారా, రాత్రంతా నీళ్లలో నానబెట్టారా అన్నీ అక్కడే తెలుస్తాయి. చెక్క మీద తిండేమిటి, శుభ్రంగా ఉంటుందా అని ఎవరైనా అడిగితే, తరతరాలుగా చింత మొద్దు మీదే మాంసం కొడుతున్న ఊళ్లు మనవని చెప్పండి. అమెరికాలో డీన్ క్లైవర్ అనే శాస్త్రవేత్త బృందం 1994లో ప్రచురించిన పరిశోధనలో, చెక్కలోకి ఇంకిన బ్యాక్టీరియా మళ్లీ పైకి రావడం కష్టమనీ, కత్తిగాట్లు పడ్డ ప్లాస్టిక్ పలకను శుభ్రం చేయడమే ఎక్కువ కష్టమనీ తేలింది. అయినా కడిగి, నిలబెట్టి ఆరబెట్టాలని ఒక చిన్న చీటీ తెలుగులో రాసి ప్రతి పలకకూ కట్టండి.

గృహప్రవేశాలకూ పెళ్లిళ్లకూ ఇచ్చే రిటర్న్ గిఫ్టులు ఇంకో దారి. ఒకేలాంటివి యాభై కావాలంటారు కాబట్టి ఇరవై చేసిన అనుభవం ఉన్నవాడే ఒప్పుకోగలడు. సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి వస్తుంది. అక్కడ మాత్రం 750 రూపాయల పలక కాదు, చపాతీ కర్రలు, పప్పుగుత్తులు, అట్లకాడలు పోతాయి. అదే చెక్క, అదే పద్ధతి, వేరే బేరం. దూరపు ఆర్డర్లకు ఆర్టీసీ కార్గో ఉంది, మిర్యాలగూడవాళ్లకు రైలు కూడా ఉంది.

ఇక ప్రభుత్వ సాయం. పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల దాకా, శిక్షణ రోజుల్లో రోజుకు 500, తర్వాత 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షలు అప్పు ఇస్తారు. శిక్షణా, పనిముట్లూ వెంటనే తీసుకోండి. అప్పు మాత్రం మొదటి ఇరవై పలకలు సొంత డబ్బుతో చేసి, అమ్మి, పుస్తకంలో రాసుకున్నాకే. ఎంత మిగులుతుందో తెలియని పని మీద అప్పు తేవద్దు.

ఆ పుస్తకంలో ప్రతి బ్యాచికీ ఒక పేజీ పెట్టండి. చెక్క కొన్న తేదీ, తేమ శాతం, ఏ మెట్టుకు ఎన్ని గంటలు, ఎన్ని పగిలాయి, ఎవరు ఎంతకు కొన్నారు, ఏమన్నారు. రెండో బ్యాచికి ఏ గంట వృథా పోయిందో ఆ పేజీయే చూపిస్తుంది. పలక వెనుక బ్యాచి నంబరు చిన్నగా కాల్చి ముద్ర వేయండి, ఏడాది తర్వాత తెస్తే మళ్లీ నునుపు పట్టి నూనె రాసి ఉచితంగా ఇస్తామని చెప్పండి. తెచ్చేవాళ్లు కొద్దిమందే ఉంటారు. కానీ వాళ్లు తెచ్చిన పలకను చూస్తే మీ చెక్క, మీ నూనె, మీ ఓపిక ఎన్నాళ్లు నిలుస్తున్నాయో కళ్లారా తెలుస్తుంది.

చివరి పలక అమ్ముడుపోయిన రోజే డబ్బులో చెక్క వాటా వేరు చేసి, డిపోకు వెళ్లి మరో రెండు ఘనపుటడుగులు తెచ్చి, కొసలకు మైనం పూసి, నీడలో పుల్లలు పెట్టి పేర్చేయండి.