జ్ఞానమను పెట్టుబడి: స్వర్ణవరి చెప్పు పాఠము



సేద్యమునకు వలసిన పెట్టుబడి యేదని యడిగినచో భూమి, పశువులు, ఎరువు, కూలి, రొక్కము అని మనము వెంటనే చెప్పుదుము. ఈ లెక్కలో తెలివి యనునది తఱచుగా విడిచిపోవుచుండును. ఏ విత్తు ఏ నేలకు తగును, నారు ఎప్పుడు పోయవలెను, మడిలోని నీరు ఎప్పుడు తీసివేయవలెను అను నెఱుక లేనిచో తక్కిన పెట్టుబడికి తగిన ఫలము చేతికి రాదు. ఆ తెలివి విలువను ఈ మాసమున ఒక వరివిత్తు చరిత్రముతో వివరింపదలచితిమి. శ్రీకూర్మము పరిసరములలోని పల్లపు పొలముల వారికి ఇది దగ్గఱి సంగతియే.

1. తక్కిన ధనమునకును దీనికిని గల భేదము

ఒకరు దున్నుచున్న చేనిని అదే వేళ మఱియొకరు దున్నజాలరు. ఒక మడిలో చల్లిన ఎరువు వేఱొక మడికి రాదు. తెలివి యట్టిది కాదు. విత్తనమును ఉప్పునీట వేసి తేలిన తాలును తీసివేయు పద్ధతిని ఒక రైతు పదిమందికి చెప్పినను, అతనియొద్ద అది యించుకయు తఱుగదు. దేశముల యభివృద్ధికి ఈ గుణమెట్లు మూలమగునో నిరూపించినందులకే అమెరికా పండితుడు పాల్ రోమరునకు 2018లో నోబెల్ బహుమానమున భాగము లభించెను.

అతనికి ముందే థియోడర్ షుల్ట్జ్ అను వేఱొక పండితుడు రైతుల విషయమున గొప్ప మాట చెప్పెను. ఆయన స్వయముగా వ్యవసాయ కుటుంబమున పుట్టినవాడు. బీదరైతు తెలివిమాలినవాడు కాడనియు, తనకున్న సాధనములతో చేయగలిగినంతయు చేయుచునే యున్నాడనియు, చదువును క్రొత్త జ్ఞానమును అతని వఱకు చేర్చుటయే జరుగవలసిన పనియనియు ఆయన 1964లో ప్రకటించిన గ్రంథమున వాదించెను. ఆయనకును 1979లో ఆ బహుమానము దక్కెను.

2. స్వర్ణవరి కథ

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనాస్థానమున వశిష్ఠ, మసూరి అను రకములను సంకరము చేసి ఎం.టి.యు. 7029 అను వరిని పుట్టించిరి. 1982లో విడుదలయైన ఈ వరియే మనమెఱిగిన స్వర్ణ. మన జిల్లాలు దాటి ఒడిశా, పశ్చిమ వంగము, ఛత్తీస్‌గఢ్ సీమలకును, బంగ్లాదేశమునకును ఇది ప్రాకినది. అయినను దీనికొక లోపము కలదు. ఊడ్పులైన పిమ్మట చేను వారము పదిదినములు పూర్తిగా మునిగియున్నచో మొక్క కుళ్లిపోవును. నాగావళి, వంశధార పొంగినపుడు మునుగు పొలముల వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కఱలేదు.

ఈ లోపమునకు మందు ఒడిశా రైతుల గాదెలలో దొరికినది. అచ్చటి పల్లపు భూముల వారు తరతరములుగా కాపాడిన యొక నాటువరినుండి ఎఫ్.ఆర్. 13ఎ అను రకమును ఏర్చిరి. అది రెండు వారములు మునిగియున్నను మరల చిగుర్చును. సామాన్యమైన వరి నీట మునిగినపుడు గాలికొఱకు త్వరత్వరగా పైకి సాగి, తనలోని యాహారమునంతయు వ్యయపఱచుకొని నీరసించి చచ్చును. ఈ నాటువరి యట్లు సాగక, ఉన్న బలమును దాచుకొని, నీరు తీసినంతనే లేచును. ఈ గుణమునకు మూలమైన జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించిరి. ఫిలిప్పీను దీవులలోని అంతర్జాతీయ వరి పరిశోధనాసంస్థ వారు దానిని స్వర్ణలోనికి దెచ్చిరి. అదియే 2009లో మన దేశమున విడుదలయైన స్వర్ణ-సబ్ 1.

ఇందు ఎవరి తెలివి ఎక్కువ? పేరు తెలియని ఒడిశా రైతు విత్తు దాచి యుండనిచో శాస్త్రజ్ఞునకు వెదకుటకేమియు లేదు. శాస్త్రజ్ఞుడు లేనిచో ఆ గుణము ఆ నాటువరిని దాటి స్వర్ణలోనికి వచ్చెడిది కాదు. ఇరువురి తెలివి కలసినప్పుడే పంట నిలిచినది.

3. ఫల మెవరికి?

ఒడిశాలో జరిపి 2013లో ప్రకటించిన పరిశోధనమున, చేను పదిదినములు మునిగినపుడు పాత స్వర్ణకంటె దీని దిగుబడి సుమారు నూటికి 45 వంతులు హెచ్చుగా నుండెనని తేలినది. అంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. మునుగు పల్లపు భూములు అచ్చట ఎక్కువగా షెడ్యూల్డు కులముల వారి చేతనున్నవి. కావున ఈ విత్తువలన అధికముగా మేలు పొందదగినవారును వారే. మంచి విత్తు బీదవాని మడికి చేరినచో అది ధర్మమును చేయును; షావుకారి గిడ్డంగి వద్దనే ఆగినచో ఉన్న భేదమునే పెంచును. జ్ఞానము ఎవరి వఱకు చేరినదని అడుగవలసినది యిందువలననే.

ఒక హెచ్చరిక. ఈ గుణము మొక్క పెరుగు దశలో వచ్చు ముంపునకే. పూతవేళ వచ్చు వఱదకును, తుపానుగాలికి చేను పడిపోవుటకును ఇది మందు కాదు.

4. మన సంఘము చేయదగిన పనులు

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో సహకారసంఘము పెట్టిన నేతపనివారు మొదలగువారు 1854 నుండి లాభమున నూటికి రెండున్నర వంతులు సభ్యుల విద్యకే ప్రత్యేకించిరి. దుకాణము నడుపువారికి గ్రంథాలయ మెందులకని వారనుకొనలేదు. మనమును ఈ క్రింది పనులు పూనుట యుక్తము.

మొదటిది, విత్తనపరీక్ష. నూఱు గింజలు లెక్కించి తడిగోనెలో చుట్టి, తడి యాఱకుండ నుంచి, 5వ దినమునను 14వ దినమునను మొలకలు లెక్కింపుడు. ధ్రువీకరించిన వరివిత్తు నూటికి 80కి తక్కువ కాకుండ మొలవవలెను. అట్టి విత్తనపు సంచికి నీలపుచీటీ యుండును. చదువరాని సభ్యునికి ఆ చీటీని చదివి వినిపించుట చదువు వచ్చిన సభ్యుని విధి.

రెండవది, విత్తు పంపకము. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతు హక్కుల చట్టము ప్రకారము రైతు తన పంటనుండి విత్తు దాచుకొనవచ్చును, నాటవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్మవచ్చును. రక్షిత రకమును సంచిపై పేరువేసి ముద్రితవిత్తనముగా అమ్మరాదనుటయే నిషేధము. ఈ హక్కు తెలియక, ఇంటనున్న విత్తు విడిచి అప్పుచేసి కొనువారు కలరు.

మూడవది, వ్రాత. శ్రీకూర్మనాథుని యాలయ స్తంభములపై నూఱుకు పైగా శాసనములున్నవి. పెద్దలు అఖండదీపములకు చేసిన దానములను రాతిపై చెక్కించినందుననే అవి నేటికిని మనకు తెలియుచున్నవి. ఏ యేట ఏ పొలము మునిగినది, ఏ విత్తు నిలిచినది అను సంగతి మన పెద్దల నోటనే యున్నది. విత్తు దాచు నేర్పు మన యిండ్ల స్త్రీల చేతిలో నున్నది. వారు పోయిన నాడు అదియు పోవును. కావున సంఘమున నొక పుస్తకమును తెఱచి, ప్రతి సభ్యుడును పంటకొకసారి నాలుగు పంక్తులు వ్రాయించవలెను. నెలసమావేశమున దానిని పైకి చదువవలెను.

ఈ పనులకు వలసిన రొక్కము స్వల్పము. రాబోవు ఊడ్పులకు ముందే వీనిని మొదలుపెట్టుదురు గాక.