దూడ కడుపులో రక్షకము చెడకుండుట యెట్లు?

ఈనిన గేదెకు మావి పడువఱకు దూడను పొదుగు ముట్టనీయరాదని మన యిండ్లలో కొందఱందురు. మేమును ఒకప్పు డట్లే వేచియుంటిమి. ఆ దూడ తెల్లపారుడు పట్టి నాలుగవనాటికి చచ్చెను. ఆ తప్పు మీరు చేయకుందురుగాక యని యిది వ్రాయుచున్నాము.

రోగముల నెదుర్చు ప్రతిరక్షకములు మనుష్యశిశువునకు తల్లి గర్భముననే సంక్రమించును. ఆవు గేదెల గర్భములో నవి దూడకు చేరవు; ముఱ్ఱుపాలతోనే చేరవలయును. దూడ ప్రేగు వానిని రక్తములోనికి పోనిచ్చునది సుమారు 24 గంటలే; అందును మొదటి గంటలే శ్రేష్ఠము. ముఱ్ఱుపాలలో జీర్ణరసము నడ్డగించు పదార్థము గలదు. తొలినాడు దూడ కడుపులో పులుసును స్వల్పమే. కావున రక్షకములు చెడక ప్రేగు చేరును.

కోడికి రోగవిషము నెక్కించిన దాని రక్షణ గ్రుడ్డు పచ్చసొనలోనికి వచ్చునని 1893లో జర్మనీ దేశపు క్లెంపెరర్ చూపెను. పారుడు క్రిములకు టీకా వేసిన కోళ్ల సొనపొడి దూడలను కాపాడెనని 1992లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అయితే సొన ముఱ్ఱుపాలవంటిది కాదు. రోజులు గడచినకొలది కడుపులో పులుసు హెచ్చును. ఆ పులుసును, దానితో కూడిన జీర్ణరసమును సొనలోని రక్షకములను విఱుగగొట్టును. అది రక్తమున చేరి కాక, ప్రేగులోనే నిలిచి క్రిములను పట్టుకొనవలసిన మందు. కావున దారిలో చెడినచో ఫలము లేదు.

అట్టి పొడి వాడవలసివచ్చినచో పశువైద్యుని యడిగి యిట్లు చేయుడు:

1. నీటిలోగాక పాలలో కలుపుడు. పాలు పులుసు వాడిని తగ్గించును.

2. పాలు పొదుగు వేడిమి మించరాదు. కాగిన పాలలో సొన ఉడికి రక్షకములు నశించును.

3. దూడ మెడ చాచి చప్పరించునట్లు పట్టుడు. అప్పుడు పాలు పెద్దపొట్టలో నిలువక నేరుగా నాలుగవ పొట్టకు పోవును.

4. ఒక్కసారి పట్టి విడువక, ప్రతిపూట పాలతో కొంచెము కొంచెముగా నిండు.

5. పులుసులో కరగని పూతగల గుళికలైనచో నూఱరాదు. ఆ పూతయే వాని కవచము.

అంగడిలోని సాధారణపు గ్రుడ్డు ఈ మందు కానేరదు. పచ్చిగ్రుడ్డు పట్టుటవలన వేఱు క్రిములు కూడ సోకవచ్చును.

అన్నిటికంటె ముఱ్ఱుపాలే ముందు. పుట్టిన రెండు గంటలలోపల మొదటిసారి పట్టుడు. 30 కిలోల దూడకు మొదటిదినము 3 లీటర్లు, అనగా బరువులో పదవవంతు, కావలయును. మిగిలిన పాలతో జున్ను వండుకొనుడు. దూడ వంతు తీసిన పిమ్మటనే సుమా!